తరిమెన గొంతు

బస్సు డిపోలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. జీతాలిచ్చే గుమాస్తా దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలా మనిషి దాకా అందరికీ అతను "ఇంకో చుట్టు". చక్రానికి నట్లు బిగించేటప్పుడు పక్కనున్నవాళ్ళు చాలన్నా, స్పానరే ఇక నావల్ల కాదన్నట్టు కిర్రుమన్నా అతను ఆగేవాడు కాదు. "ఇంకో చుట్టు" అని భుజం వంచి, పళ్ళ బిగువున మరికాస్త తిప్పి, అప్పుడు లేచి చేతులు తుడుచుకునేవాడు. అతను బిగించిన చక్రం దారిలో ఊడిందన్న మాట ఎవరూ వినలేదు. మళ్ళీ విప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇద్దరు మనుషులు, ఒక పొడుగాటి ఇనప గొట్టం, పిల్లల ముందు అనకూడని కొన్ని మాటలు అవసరమయ్యేవి.

ఇంట్లోనూ అదే తంతు. అతను కట్టేసిన కుళాయిలో వాషరు నలిగి చచ్చేది. అతను మూత పెట్టిన సీసా అతను ఉంటేనే తెరుచుకునేది. "ఈయన ఊరెళ్ళిన రోజుల్లో మా ఇంట్లో చక్కెర ఉన్నా లేనట్టే" అని అతని భార్య పక్కింటావిడతో చెప్పుకుని, తెరిచి పెట్టమని ఆ సీసాని ఆవిడ చేతికే ఇచ్చేది.

చేతి సంగతి అలా ఉంటే చెవి సంగతి వేరు. బస్సు ఇంకా గేటు దాటకముందే, గుంతలో దిగి వేరే బండి అడుగున పనిచేస్తూనే, "వచ్చేదాని వెనక ఎడమ చక్రం బేరింగు పోతోంది, పక్కకి తీయించండి" అనేవాడు. డ్రైవరు బండి బంగారంలా ఉందని ఒట్టు పెట్టేవాడు. విప్పి చూస్తే బేరింగు పోయే ఉండేది. అతని లెక్కలో చప్పుడంటే జబ్బు. ఆరోగ్యంగా ఉన్న యంత్రం నోరు మెదపదు. చుట్టాల ఇళ్ళకి వెళ్ళినా సంచీలో చిన్న నూనెడబ్బా ఉండాల్సిందే. వాళ్ళు టీ కాచి తెచ్చేలోపు ఇంట్లో ఉన్న తలుపు బందులన్నిటికీ నూనె పడేది. "బావగారూ, మీరొచ్చి వెళ్ళిన దగ్గర్నుంచీ ఎవరొచ్చి వెనకాల నిలబడుతున్నారో తెలియక హడలిపోతున్నాం. మా వీధి తలుపు కిర్రు మాకు ఇచ్చేయండి" అని అతని మరదలు ఒకసారి దెప్పింది. అతను దాన్ని మెప్పు కింద జమ కట్టుకున్నాడు.

రిటైరైన రోజున డిపోవాళ్ళు గంటలు కొట్టే గోడ గడియారం ఒకటి ఇచ్చారు. తెచ్చి ముందు గదిలో పెట్టిన పూటే దాని టిక్కుటిక్కు అతని ప్రాణం తీసింది. విప్పి చూశాడు. రోగమేమీ లేదు. రోగం లేకుండా చప్పుడు చేసే వస్తువుని ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. అప్పుడు వెనక గదిలోంచి మామగారు, "అల్లుడుగారూ, మీకు అడ్డమైతే అది నా గదిలో పెట్టించండి. నాకు తోడుంటుంది" అన్నాడు. గడియారం తోడేమిటో అనుకుంటూనే తీసుకెళ్ళి మేకు కొట్టాడు. ఆ మేకు ఊడితే గోడతో సహా ఊడాలి.

మామగారిది తరిమెన పని. ఇప్పటివాళ్ళు లేత్ అంటారు గానీ ఆయన నోటికి అది తరిమెనే. కొయ్యముక్కని రెండు మొనల మధ్య బిగించి, కాలితో తొక్కుతూ గిర్రున తిప్పుతూ, ఉలి ఆనించి గుండ్రంగా చెక్కే చిన్న యంత్రం. కుట్టుమిషను కన్నా కాస్త పొడుగు, అంతే. దాని మీద కుర్చీ కాళ్ళు, మంచం కోళ్ళు, తలుపు గుబ్బలు, బొంగరాలు చేసి ఆయన ఇద్దరు ఆడపిల్లల్ని పెంచాడు. అవన్నీ బయటివాళ్ళకి. ఇంట్లో బిడ్డ పుట్టినప్పుడల్లా మాత్రం ఒక గిలక్కాయ చేసేవాడు.

లోపల గింజలుండే రకం కాదది. ఒక పిడి, దాని మీద సన్నటి మెడ, మెడ చివర ఉండలాంటి తల. మెడకి రెండు కొయ్య ఉంగరాలు వదులుగా వేలాడుతూ ఉంటాయి. ఊపితే కటకటమంటాయి. ఉంగరం తల దాటి పైకి రాదు, పిడి దాటి కిందికి జారదు, ఎక్కడా అతుకు లేదు. మరి ఎలా ఎక్కించారని అడిగితే, "ఎక్కించలేదు, అక్కడే పుట్టింది" అనేవాడు. నిజంగానే అంతా ఒకటే ముక్క. ముందు మెడ మీద లావుపాటి పూస చెక్కి, వంకర ఉలితో ఆ పూస అడుగున అటునుంచి కొంత, ఇటునుంచి కొంత తొలుచుకుంటూ పోతే, ఏదో ఒక క్షణాన పూస మెడ నుంచి విడిపడి ఉంగరమైపోతుంది. వెంట్రుకవాసి ఎక్కువ తొలిస్తే ముక్కలవుతుంది. అతని భార్య గిలక్కాయ పాలపళ్ళ గాట్లతో సహా ఇప్పటికీ బీరువాలో ఉంది. వాళ్ళ కూతురిదీ ఉంది.

మామగారికీ అతనికీ గొడవలేమీ లేవు. కొంచెం ఉన్నా బాగుండేదేమో. పెళ్ళిచూపులకి అతను మామగారింట్లో మొట్టమొదట అడుగుపెట్టిన రోజున, తలుపు వేద్దామని గుబ్బ పట్టుకుని లాగితే గుబ్బ చేతిలోకి వచ్చేసింది. పెద్దాయన స్వయంగా చెక్కిన గుబ్బ. ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలో పట్టుకుని, తర్వాత జేబులో వేసుకుని, చివరికి మర్చిపోయి దాంతోనే ఇంటికి వెళ్ళిపోయాడు. ఆవేళ పెద్దాయన అన్నదల్లా "పర్లేదు, కూర్చోండి" అని. పెళ్ళయింది, కూతురు పుట్టింది, ఆ కూతురికీ పెళ్ళయింది. ఆ 'కూర్చోండి' మాత్రం కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. అన్నిటికీ అల్లుడుగారూ, మీరు, మీ ఇష్టం. రెండో అల్లుణ్ణి చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడు కాబట్టి "ఏరా, తిన్నావా" అనేవాడు. అది విన్నప్పుడల్లా, బండి కింద ఎక్కడో ఒక నట్టు వదులుగా ఉండిపోయినట్టు అతనికి తోచేది. "మనిషి మంచివాడే, చెయ్యే బరువు" అని పెద్దాయన ఎప్పుడో అత్తగారితో అన్నమాట అతని చెవిన పడింది. అతని చెవిన పడనిదేముంది.

చూపు మందగించి మనుషులు నీడల్లాగా, కిటికీలు వెలుగు ముద్దల్లాగా కనబడే దశ వచ్చాక పెద్దాయన దుకాణం మూసేసి పెద్దకూతురి దగ్గరికి వచ్చేశాడు. తరిమెన కూడా వెంట వచ్చింది. దాన్ని పెరట్లో రేకుల షెడ్డులో పెట్టి పట్టా కప్పారు. ఒక వానాకాలంలో రేకుకి చిల్లుపడి నీళ్ళు సరిగ్గా దాని నెత్తినే కారాయి. ఎవరూ చూడలేదు. చూసేసరికి మొత్తం తుప్పు. చక్రం తిరగదు, కొయ్యని పట్టి తిప్పే కదురు తిరగదు, తొక్కుడుపలక పుచ్చిపోయింది. పెద్దాయన అప్పుడప్పుడూ వెళ్ళి దాని మీద చెయ్యి వేసి నిలబడి, తుప్పంటిన చేతులతో వచ్చి కుళాయి దగ్గర కడుక్కునేవాడు.

ఇలా ఉండగా అతని కూతురు నెల తప్పిందన్న కబురొచ్చింది. పుట్టింటికి వచ్చిన రోజున ఆ పిల్ల తాతయ్య మంచం మీద కూర్చుని, "నా బిడ్డకి గిలక్కాయ ఏదీ" అని అడిగింది. బజార్లో రంగురంగులవి దొరుకుతాయిగా అన్నాడాయన. అవి నాకొద్దంది. పోనీ మీ అమ్మదో నీదో ఇవ్వమన్నాడు. ఎవరిది వాళ్ళకేనని నువ్వే అన్నావుగా అంది. ఆయన గడియారం వైపు ముఖం తిప్పుకున్నాడు.

"కళ్ళదేముందే పిచ్చిపిల్లా, ఉంగరం తొలిచేటప్పుడు కళ్ళున్నా కనపడి చచ్చేది కాదు, పొట్టు కమ్మేసేది. తరిమెన ఉండాలి గానీ."

గుమ్మంలో నిలబడ్డ అతనికి చివరి మాట ఒక్కటే మనసుకి పట్టింది. తరిమెన ఉండాలి గానీ. అంటే అది బాగుపడితే ఆయన గిలక్కాయ చేస్తాడు. రిటైరైన దగ్గర్నుంచీ చేతులు దురదపెట్టి ఇంట్లో కిటికీ గొళ్ళేలన్నీ రెండేసిసార్లు బిగించి ఉన్నాడు. బిగించడానికి ఇంకేమీ మిగల్లేదు. మర్నాడు పొద్దున్నే షెడ్డు తలుపు తీశాడు.

పని మొదలెట్టాక పెద్దాయన స్టూలు తెచ్చుకుని గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క భాగాన్నీ డీజిల్లో నానబెట్టి, ఇనప బ్రష్షుతో తోమి, ఉప్పుకాగితంతో రుద్దుతుంటే ఆయన వింటూ ఉండేవాడు. అడగకుండా ఏమీ చెప్పేవాడు కాదు. చెప్పినా మర్యాదగానే చెప్పేవాడు. ఒకరోజు అతను చెమటలు కక్కుతూ ఒక నట్టుతో కుస్తీ పడుతుంటే, చాలాసేపు విని, "అల్లుడుగారూ, మీకు చెప్పేంతవాణ్ణి కాదు. అది ఎడమ మర. మీరు విప్పడం లేదు, బిగిస్తున్నారు" అన్నాడు. వంటింటి కిటికీలోంచి అతని భార్య నవ్వు వినబడింది.

పుచ్చిన పలక తీసి కొత్తది వేశాడు. చక్రానికి తోలు తాడు మార్చాడు. తుప్పు కింద నుంచి నున్నటి ఇనుము నల్లగా బయటపడుతుంటే అతనికి ఆ వస్తువు మీద ముద్దు పుట్టుకొచ్చింది. బస్సుల్లో అన్నీ పెద్దవే. ఇందులో అన్నీ అరచేతిలో పట్టేవి. ఎక్కడ విరుగుతాయోనని, స్పానరు మధ్యవేలితో, బొటనవేలితో పట్టుకుని తిప్పడం నేర్చుకున్నాడు. భార్య చూసి, "మా సీసా మూతల మీద ఎన్నడైనా ఇంత దయ చూపించారా" అంది.

చివర్న కదురు తీశాడు. అది తిరిగే చోట ముందూ వెనకా రెండు కంచు బుష్షులున్నాయి, అడ్డంగా సగానికి కోసిన గాజుల్లాంటివి. ఒక్కొక్క బుష్షు మీద ఒక ఇనప టోపీ, టోపీకి రెండు నట్లు. నట్లు బిగిస్తే బుష్షు కదురుని గట్టిగా పట్టుకుంటుంది; వదులు చేస్తే కదురు కాస్త కదలాడుతుంది. ఆ బుష్షులు అరిగి, గుండ్రం పోయి, కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉన్నాయి. అతను పెదవి విరిచాడు. ఇవే బస్సులో ఉంటే ఎవరో ఒకరికి మెమో తప్పేది కాదు.

డిపోకి వెళ్ళి, ఇనప లేత్ మీద పనిచేసే పాత స్నేహితుడితో కొత్తవి చేయించాడు. పాతవి అక్కడే తుక్కు తొట్టిలో పడేశాడు. ఇంటికొచ్చి కొత్త బుష్షుల్ని ఓపిగ్గా గీకి గీకి, కదురు వెన్నలో వేలు తిరిగినట్టు తిరిగేదాకా సరిచేసి, టోపీలు పెట్టి, నట్లు బిగించాడు. ఇంకో చుట్టు కూడా వేశాడు. ఎంత వేస్తే బుష్షు నలగదో అతనికి తెలుసు.

తొక్కి చూశాడు. చప్పుడు లేదు. తరిమెన మంచె మీద, అదే దాని అడుగు దిమ్మ మీద, గ్లాసుడు నీళ్ళు పెట్టి తొక్కాడు. నీళ్ళు వణకలేదు. భార్యని పిలిచి చూపించాడు. కుట్టుమిషను కూడా ఇంత నెమ్మది కాదని ఆవిడ ఒప్పుకుంది. అతను ముప్పై ఏళ్ళ పైన చేసిన ఉద్యోగంలో ఏ బండినీ అంత మౌనంగా గేటు దాటించలేదు.

పెద్దాయన్ని చెయ్యి పట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. ఆయన చేతులు ముందు అంతా తడిమాయి. పలక, తాడు, మొనలు. బాగుందన్నట్టు తల ఊపాడు. కొయ్యముక్క బిగించాడు. కాలు ఆడించాడు. ఉలి అందుకుని, ఆనించబోయి, ఆగిపోయాడు.

"అల్లుడుగారూ, తిరుగుతోందా?"

తిరుగుతోందని అతను చెప్పాడు. ఆయన ఉలి ఆనించాడు. అది కొయ్యలోకి కసుక్కున దిగి, ముక్క ఎగిరి రేకుకి కొట్టుకుంది. ఇంకో ముక్క పెట్టారు. అదీ అంతే. మూడోదానికి ఆయన ఉలి కింద పెట్టేశాడు. "చాలా బాగా చేశారు. కొత్తదైనా ఇలా ఉండదు. నాకే వయసైపోయింది" అని, గోడ తడుముకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

అది తిట్టైతే అతను తట్టుకునేవాడు. ఆ మధ్యాహ్నమంతా యంత్రాన్ని మళ్ళీ మొదట్నుంచీ పరీక్షించాడు. తప్పు కనపడలేదు. అనుమానమొచ్చి నట్లు ఇంకాస్త బిగించాడు. కళ్ళే కారణమని, ఆశపెట్టి ముసలాయన్ని ఏడిపించానని కుంగిపోయి, టీ ముట్టకుండా షెడ్డులో కూర్చున్నాడు. గ్లాసు తీసుకెళ్ళడానికి వచ్చిన భార్య అతని ముఖం చూసి, తొక్కుడు మీద కాలు వేసి చక్రాన్ని ఆడించింది. తల వంచి వింది.

"ఇది నాన్న తరిమెనలా లేదండీ. అది గొణిగేది" అంది.

గొణగడమేమిటని అడిగాడు. ఆవిడ చెప్పింది. చిన్నప్పుడు దుకాణం వెనకే ఇల్లు. గోడకివతల పాఠాలు చదువుకుంటూ అక్కాచెల్లెళ్ళిద్దరూ చెప్పేసేవాళ్ళు, నాన్న ఇప్పుడు ముక్కని గుండ్రం చేస్తున్నాడు, ఇప్పుడు పూసకి వచ్చాడు, ఇప్పుడు మెడ సన్నం చేస్తున్నాడు అని. గుండ్రం చేసేటప్పుడు గుర్రుగుర్రుమనేది. కొయ్య సన్నబడేకొద్దీ గొంతు సన్నబడేది. ఉలి ఎక్కువ దిగితే మూలిగేది. ఆవిడ నోటితో ఆ చప్పుళ్ళన్నీ చేసి చూపించింది. ఆ వయసులో, చేతిలో టీ గ్లాసుతో, తండ్రి తరిమెనలా మూలుగుతున్న భార్యని చూస్తూ అతను నోరు తెరిచి ఉండిపోయాడు. చూపు పోక ముందు నుంచీ కూడా ఆయన పనిచేసింది చెవితోనన్నమాట. కదురు ఆ అరిగిన బుష్షుల్లో ఆడుతూ చేసిన చప్పుడే ఆయనకి దారి చూపింది. అతను ఆ దారి మూసేసి పైన ఇంకో చుట్టు బిగించాడు.

పాత బుష్షులు ఏవని ఆవిడ అడిగింది. తుక్కులో వేశానన్నాడు.

"అయితే గొంతు నొక్కేసి రోగం కుదిర్చారన్నమాట" అని, గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

అతను పరుగున డిపోకి వెళ్ళాడు. తొట్టి ఖాళీ; తుక్కు లారీ వచ్చి ఎత్తుకుపోయింది. స్నేహితుడు సంగతంతా విని, చప్పుడు ఆపమని వచ్చేవాళ్ళని చూశాను గానీ చప్పుడు కావాలని వచ్చినవాణ్ణి, అందులోనూ నిన్ను, చూస్తాననుకోలేదని పొట్ట పట్టుకుని నవ్వాడు. కావాలంటే కొత్త బుష్షుల్ని ఆకురాయితో గుడ్డులా అరగదీసి ఇస్తానన్నాడు. అంత పాపానికి అతని మనసొప్పలేదు. అయినా ఏళ్ళ తరబడి అరిగిన అరుగుదలని ఒక పూటలో ఎవరు చేస్తారు?

మర్నాడు పొద్దున మామగారి గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఆ చప్పుడు ఆయనకి ఎందుకు తోడో ఇప్పుడు తెలిసింది. "మావయ్యగారూ, పాత బుష్షులు పోయాయి. తప్పు నాదే. ఉన్నవాటిని ఎంత వదులు చేస్తే మీకు వినబడుతుందో మీరు చెప్పండి, నేను తిప్పుతాను" అన్నాడు.

పెద్దాయన మొహం అతని వైపు తిరిగింది. "మీరు వదులు చేస్తారా?" అని అడిగాడు. అందులో వెటకారం లేదు, నిజంగానే ఆశ్చర్యం.

చేశాడు. అతనికి అదెంత కష్టమో తెలిసినవాళ్ళకే తెలుసు. పెద్దాయన మంచె మీద అరచెయ్యి ఆనించి, కాలితో తొక్కుతూ కూర్చున్నాడు. అతను స్పానరు పెట్టి కొద్దిగా వెనక్కి తిప్పాడు. ఏమీ లేదు. ఇంకాస్త అన్నాడాయన. తిప్పాడు. ఇంకాస్త. ఎక్కడో లోపల కదురు ఒళ్ళు విరుచుకున్నట్టు గుర్రుమంది. ఆ చప్పుడు వినగానే అతని చెయ్యి తనంతట తానే బిగించే వైపుకి తిరగబోయింది. ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని ఆపుకున్నాడు.

"ఇంకో చుట్టు" అన్నాడు పెద్దాయన, తాపీగా.

ఆ పేరు ఆయనదాకా వచ్చిందని అతనికి అప్పటిదాకా తెలియదు. కిటికీలో భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒక చోట మరీ వదులై కొయ్య గడగడలాడితే మళ్ళీ కాస్త బిగించారు. ముందు టోపీ ఒక తీరుగా, వెనకది ఒక తీరుగా. చివరికి ఒక చోట ఆయన చెయ్యెత్తాడు. తరిమెన గొణుగుతోంది. పాత గొంతేనా అని అతను ఆత్రంగా అడిగాడు. కాదు, ఇది కొత్త మనిషి గొంతు, అలవాటు పడాలి అన్నాడాయన. నట్లు అలా వదులుగా వదిలేస్తే తిరుగుడుకి మెల్లగా జారిపోతాయని అతనికి తెలుసు. నట్టు మీద నట్టు వేద్దామంటే బోల్టు పొట్టిది, పైన చోటు లేదు. ప్రస్తుతానికి మరలకి సన్నటి దారం చుట్టి పెట్టాడు.

అలవాటు పడటం అనుకున్నంత సులువు కాలేదు. రోజూ పొద్దున తరిమెన గొణగడం, ఆ వెంట ఏదో ఒకటి విరగడం. గుండ్రం కుదిరింది, పూస కుదిరింది. ఉంగరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం విరిగిపోయేది. ఒకసారి సగంలో ఆయన కాలు ఆగింది. ఆగితే చక్రం వెనక్కి ఊగుతుంది. ఆ ఊపులో వంకర ఉలి ఉంగరాన్ని పట్టి విరిచేసింది. షెడ్డు నిండా సగం సగం గిలక్కాయలు. అతను విరిగినవాటిని పారేయకుండా వరసగా కిటికీలో పెట్టాడు. పక్కన కూర్చుని వినీ వినీ అతనికి కూడా గొంతు తెలియసాగింది. ఇప్పుడు పూస, ఇప్పుడు మెడ అని లోపల అనుకునేవాడు.

ఈలోగా కూతురు అనుకున్నదానికన్నా ముందే ప్రసవించింది. ఆడపిల్ల. ఇంట్లో అందరూ ఆసుపత్రికి పరుగులు పెట్టారు. గిలక్కాయ లేకుండా బిడ్డ ముఖం చూడటానికి పెద్దాయన చిన్నబుచ్చుకుంటాడేమోనని అతను భయపడ్డాడు. ఆయన బిడ్డ పిడికిలిని వేలితో తడిమి, "దీనికి పట్టుకోవడం రావడానికి ఇంకా టైముందిలే" అన్నాడు. ఇంటికి తిరిగొస్తూ దారంతా ఆ వేలిని బొటనవేలితో రుద్దుకుంటూనే ఉన్నాడు, కొలత మర్చిపోకుండా.

కూతురు పాపని తీసుకుని ఇంటికి వచ్చాక ఒకరోజు, తల్లీబిడ్డా నిద్రపోతుండగా, ఇద్దరూ షెడ్డులో కూర్చున్నారు. మొదటి ఉంగరం విడిపడింది. టిక్కుమని చిన్న చప్పుడు, ఆపైన గలగల. రెండో ఉంగరం అడుగున వంకర ఉలి ఒక పక్క తొలిచి రెండో పక్కకి వచ్చింది. అప్పుడు గొంతు మారింది. పెద్దాయన కన్నా ముందు అతని చెవికి తెలిసింది. వెనక టోపీ నట్టుకి చుట్టిన దారం తెగింది. నట్టు జారుతోంది. గొణుగుడు గడగడలోకి దిగుతోంది. ఆపమనడానికి లేదు, ఆపితే చక్రం వెనక్కి ఊగుతుంది.

అతను లేచి, తిరుగుతున్న కదురుకి చెయ్యి తగలకుండా, స్పానరు నట్టు మీద పెట్టాడు. కొంచెం తిప్పాడు. గొంతు దారికి వచ్చింది. అక్కడ ఆపాడు. మెడలో నరాలు పొంగుతున్నాయి. ఆ చెయ్యి ఎన్నడూ అలా సగంలో ఆగి ఎరగదు. కొద్దిగా, ఒక్క పిసరు బిగిద్దామని గుంజుతోంది. అది గుంజినప్పుడల్లా తరిమెన గొంతు కీచుమంటోంది.

"కదపకురా" అన్నాడు పెద్దాయన. చూపు లేని కళ్ళు రేకు వైపు ఉన్నాయి, మనిషంతా చెవైపోయాడు. "బిగించకు. అట్లాగే పట్టుకో, నాయనా. అదీ, అట్లాగే ఉండరా."

ఉన్నాడు. చెమట ముక్కు మీదుగా జారి స్పానరు మీద పడింది. గొంతు సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఈల లాగా అయింది. టిక్కుమంది. గలగల.

పెద్దాయన నెమ్మదిగా కాలు ఆపాడు. గిలక్కాయ తీసి, ఉంగరాల్ని వేలి కొసతో చుట్టూ తడిమాడు. మొదటిది నున్నగా ఉంది. రెండోదాని మీద వేలు ఒకచోట ఆగి వెనక్కి వచ్చింది. "ఇక్కడ నీ చెయ్యి వణికింది" అన్నాడు. అతను కూడా తడిమి చూశాడు. నిజమే, ఆ చోట ఉంగరం రవంత మందంగా ఉంది. మళ్ళీ ఇంకోటి చేద్దామా అన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. "ఉండనీ. ఇద్దరం చేశామని తెలియొద్దూ" అని కొత్త గిలక్కాయని పంచెతో తుడిచాడు.

సాయంత్రం కూతురు దాన్ని పాప పిడికిట్లో పెట్టి, దాని చెయ్యి మీద తన చెయ్యి వేసి ఆడించింది. ఇల్లంతా కటకట. అతను పక్కనే కూర్చుని ఉన్నాడు. నూనెడబ్బా కోసం లేవలేదు. "ఇంకా ఆడించవే" అన్నాడు.

మర్నాడు అతను డిపోకి వెళ్ళి పొడుగు బోల్టులు, రెట్టింపు నట్లు తెచ్చాడు. కింది నట్టు ఆయన చెవికి నచ్చిన చోట నిలవాలి, పైనట్టు దాన్ని అక్కణ్ణుంచి జారనివ్వకుండా అదిమి పట్టాలి. తలుపు దగ్గర చేతికర్ర చప్పుడైంది. పెద్దాయన వచ్చి స్టూలు మీద కూర్చుని, టీ తాగారా అల్లుడుగారూ అని పలకరించాడు. రాత్రి నిద్రలో ఆ 'రా' ఎటో పోయింది. వంటింటి కిటికీలోంచి భార్య అతని ముఖం చూసి, "ఇంకో గిలక్కాయ మొదలెట్టండి, మళ్ళీ వస్తుంది" అంది.

"కింది నట్టు నేను పట్టుకుంటాను, పైది మీరు బిగించండి" అన్నాడు పెద్దాయన, స్పానరు కోసం చెయ్యి చాపుతూ.

పట్టుకున్నాడు. అతను తన స్పానరు పైనట్టుకి తగిలించి, చాలా రోజుల తర్వాత భుజం వంచి, మనసారా బిగించాడు. కింద ఆ ముసలి చెయ్యి వణకలేదు.

"చాలు అల్లుడుగారూ."

"ఇంకో చుట్టు మావయ్యగారూ" అన్నాడు అతను.